డొమైన్ పేరుకు ఎంత వరకు చెల్లించవచ్చు?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: వెబ్‌సైటుకు నలుగురికీ గుర్తుండే పేరు కావాలి, కానీ దాని కోసం చేతి చమురు మరీ ఎక్కువగా వదలకూడదు. వాటిలో అయిదు ప్రశ్నలకు ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నేను చిన్న డిజైన్ సంస్థ ప్రారంభిస్తున్నాను. ఒకే డాట్ కామ్ పేరును ఒకరు మొదటి ఏడాదికి ఒక్క డాలరుకే ఇస్తామంటున్నారు, మరొకరు పన్నెండు డాలర్లు అడుగుతున్నారు. వస్తువు ఒకటే అయినప్పుడు చౌకగా దొరికే చోట కొనడంలో నష్టం ఏమిటి?

జవాబు: వస్తువు ఒకటేనన్న మీ మాట నిజం. డాట్ కామ్ పేర్లన్నింటి పట్టికను నిర్వహించేది వెరిసైన్ అనే ఒకే సంస్థ. మనకు పేర్లు అమ్మే రిజిస్ట్రార్లందరూ ఒక్కో పేరుకు ఏడాదికి ఇంత అని ఆ సంస్థకే కట్టాలి. ఆ టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు చేరింది. పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్‌కు చెల్లించే కొద్దిపాటి సెంట్లు దీనికి అదనం. అంటే ఒక్క డాలరుకు అమ్మే వ్యాపారి మొదటి ఏడాది నష్టానికే అమ్ముతున్నాడు, ఆ నష్టాన్ని రెండో ఏడాది నుంచి మీ దగ్గరే రాబట్టుకుంటాడు.

కాబట్టి మొదటి ఏడాది ధరను పక్కన పెట్టి, అయిదేళ్లకు మొత్తం ఎంత అవుతుందో లెక్క కట్టండి. తొలి ఏడాది ఒక డాలరు, ఆ తరువాత ఏటా 22 డాలర్ల చొప్పున పునరుద్ధరణ అనుకుంటే అయిదేళ్లకు 89 డాలర్లు. ఏటా మార్పు లేకుండా 12 డాలర్లు తీసుకునే చోట 60 డాలర్లతో సరిపోతుంది. పునరుద్ధరణ ధర సాధారణంగా ప్రకటనలో కాక, అడుగున చిన్న అక్షరాలలో గానీ చెల్లింపు పేజీలో గానీ కనిపిస్తుంది. అక్కడే యజమాని పేరు, చిరునామా వంటి వివరాలు బయటివారికి కనిపించకుండా దాచే గోప్యత సేవకు విడిగా డబ్బు అడుగుతున్నారేమో కూడా చూడండి. చాలా మంది రిజిస్ట్రార్లు ఇప్పుడు దానిని ఉచితంగానే ఇస్తున్నారు.

చౌక ధరకు కొని, ఏడాది తిరగకముందే మరో చోటికి బదిలీ చేసుకునే తెలివైన వారూ ఉన్నారు. అది తప్పేమీ కాదు. నమోదైన తరువాత సాధారణంగా 60 రోజుల దాకా బదిలీ కుదరదు, ఆ తరువాత కుదురుతుంది, బదిలీ కోసం కట్టే రుసుముతో డాట్ కామ్ పేరుకు ఒక ఏడాది గడువు కూడా కలుస్తుంది. అయితే ఆ తేదీని గుర్తు పెట్టుకోగల మనిషికే ఈ పద్ధతి లాభిస్తుంది. పేరు మీద నమ్మకం కుదిరితే ఒకేసారి కొన్నేళ్లకు కట్టేయడం మేలు. గరిష్ఠంగా పదేళ్ల దాకా కట్టవచ్చు, మధ్యలో టోకు ధర పెరిగినా ఆ భారం మీ మీద పడదు.

ప్రశ్న: నిన్న ఒక పేరు ఖాళీగా ఉందని చూశాను. ఈ రోజు అది వేరొకరి పేరు మీద ఉంది. మనం వెతికేవి కనిపెట్టి ముందుగా కొనేసేవారు నిజంగా ఉన్నారా?

జవాబు: ఒకప్పుడు ఉన్నారు. 2008 జనవరిలో అమెరికాకు చెందిన ఒక పెద్ద రిజిస్ట్రార్ తన సైటులో వినియోగదారులు వెతికిన పేర్లను తానే నమోదు చేసుకుంటోందని బయటపడి పెద్ద దుమారం రేగింది. నమోదు చేసిన అయిదు రోజుల లోపు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే వెసులుబాటును అప్పట్లో కొందరు వ్యాపారులు లక్షల పేర్లతో వాడుకునేవారు. ఆ తరువాత ఐకాన్ అటువంటి రద్దులకు పరిమితి విధించి, మించితే రుసుము వసూలు చేయడంతో ఆ వ్యాపారం దాదాపుగా మూతపడింది. ఇప్పుడు జరిగేవాటిలో ఎక్కువ కాకతాళీయమేనని నా అభిప్రాయం. ఒక మంచి మాట మీకు తట్టిన రోజే మరొకరికీ తట్టవచ్చు. అయినా వెతకడం, కొనడం ఒకే పూట పూర్తి చేయడం వల్ల పోయేదేమీ లేదు.

ప్రశ్న: మా సంస్థకు సరిగ్గా సరిపోయే పేరును ఎవరో ఏళ్ల క్రితమే నమోదు చేసి పెట్టుకున్నారు. అక్కడ వెబ్‌సైటు లేదు, ‘ఈ పేరు అమ్మకానికి ఉంది’ అన్న పేజీ మాత్రమే ఉంది. 4,000 డాలర్లు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా? చట్టపరంగా తీసుకునే మార్గం ఉందా?

జవాబు: చట్టం సంగతి ముందు చూద్దాం. 1999లో ఐకాన్ ఆమోదించిన వివాద పరిష్కార విధానం ఒకటి ఉంది. దాని కింద గెలవాలంటే మూడు విషయాలు రుజువు చేయాలి: ఆ పేరు మీ ట్రేడ్‌మార్కును పోలి జనాన్ని తికమక పెడుతోందని, అవతలి వ్యక్తికి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నాడని. మీ సంస్థ పుట్టకముందే ఎవరో కొనుక్కున్న పేరు విషయంలో మూడోది నిలబడడం చాలా కష్టం. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దగ్గర ఒకే సభ్యుడు తీర్పు చెప్పే పద్ధతిలో ఈ ఫిర్యాదు వేయడానికే, అయిదు పేర్ల వరకు 1,500 డాలర్లు అవుతాయి, లాయరు ఖర్చు వేరు. పేరును కొని అమ్మకానికి పెట్టడం దానికదే నేరం కాదు గనుక ఆ దారిని మరిచిపోండి.

ఇక బేరం. మీరు ఎంత ఇవ్వగలరన్నదాని మీద ధర పెరుగుతుందే తప్ప, ఆ పేరు విలువ ఎంతన్నది అమ్మేవారికి కూడా ఖచ్చితంగా తెలియదు. అందువల్ల మీ అవసరాన్ని, తొందరను, సంస్థ స్థాయిని అవతలి వారికి తెలియనివ్వకండి. సంస్థ ఈమెయిలు నుంచి, హోదాతో కూడిన సంతకం కింద పెట్టి రాయకండి. అదే పేరుతో సంస్థను ముందే ప్రకటించుకుని, బోర్డు కట్టి, ఆ తరువాత డొమైన్ కోసం బయలుదేరేవారికి ఎక్కువ ధర పడడంలో ఆశ్చర్యం లేదు.

అటువంటి పేర్లు గతంలో ఎంతకు అమ్ముడుపోయాయో నేమ్‌బయో అనే సైటులో చూడవచ్చు. అదే తరహా మాట, అదే పొడవు, అదే ఎక్స్‌టెన్షన్ (డాట్ కామ్ లాగా పేరు చివర వచ్చే భాగం) ఉన్న అమ్మకాలనే పోల్చండి. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడైందన్న వార్త చూపించి మీ పేరుకు ధర కట్టేవారి మాట వినకండి. నిఘంటువులోని ఒక్క పదానికీ, రెండు పదాలు కలిపి చేసిన పేరుకూ పోలికే లేదు. యంత్రం లెక్కించి ఇచ్చే ఉచిత అంచనాలను కూడా నేను పట్టించుకోను. ఆ అంచనాను చూపించేది చాలాసార్లు పేర్లు అమ్ముకునే సంస్థే.

ఆ పైన మీ గరిష్ఠ ధరను ముందుగానే కాగితం మీద రాసుకోండి. దానికి కొలత ఏమిటంటే, రెండో ఎంపికగా ఉన్న మామూలు ధర పేరుతో పని నడిపితే మీకు నిజంగా ఎంత నష్టం వస్తుంది? చాలా సంస్థల విషయంలో ఆ నష్టం వారు ఊహించుకున్నదానిలో పదో వంతు కూడా ఉండదు. ఫేస్‌బుక్ మొదట ‘ద’ అనే మాట ముందు తగిలించుకుని ద ఫేస్‌బుక్ డాట్ కామ్‌గానే నడిచింది, 2005లో 2 లక్షల డాలర్లు పెట్టి ఇప్పటి పేరు కొనుక్కుంది. డ్రాప్‌బాక్స్ తొలి రోజుల్లో గెట్ డ్రాప్‌బాక్స్ డాట్ కామ్ మీదే పని చేసింది. ఈ మాటకు రెండో వైపూ ఉంది. ఎదిగాక అదే పేరు కోసం వెనక్కి వస్తే ధర కూడా ఎదిగి ఉంటుంది. టెస్లా మోటార్స్ డాట్ కామ్‌గా ఏళ్ల తరబడి నడిచిన సంస్థకు టెస్లా డాట్ కామ్ దక్కడానికి పదేళ్లకు పైగా సమయం, కోటీ 10 లక్షల డాలర్లు పట్టాయని ఇలాన్ మస్క్ స్వయంగా చెప్పారు. అయినా అప్పటికి ఆ డబ్బు వ్యాపారం సంపాదించిన డబ్బు. మీరిప్పుడు ఇవ్వబోయేది ఇంకా ఏమీ సంపాదించని వ్యాపారం పెట్టుబడి. సంపాదించాక ఇవ్వడమే నయమని నేనంటాను.

మీ విషయంలోనైతే, అడిగినదానిలో నాలుగో వంతుతో మొదలుపెట్టి, జవాబు రాకపోతే కొన్ని వారాలు మౌనంగా ఉండండి. ఏళ్లుగా ఎవరూ కొనని పేరు ఈ నెలలో హఠాత్తుగా చేజారిపోయే అవకాశం తక్కువ. బేరం కుదిరితే మాత్రం డబ్బు నేరుగా పంపకండి. ఇద్దరికీ మధ్యవర్తిగా డబ్బు పట్టి ఉంచే ఎస్క్రో సేవలో జమ చేస్తే, పేరు మీ ఖాతాలోకి వచ్చిందని మీరు ధ్రువీకరించాకే అమ్మినవారికి చేరుతుంది. దాని రుసుము ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోండి. కొనేముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు మీద ఇంతకుముందు ఏమి నడిచిందో చూడడం మరవకండి. జూదమో, నకిలీ మందుల అమ్మకమో నడిచిన పేరైతే ఆ మచ్చ శోధన ఫలితాలలో, ఈమెయిళ్ల వడపోతలో కొంతకాలం మిమ్మల్ని వెంటాడవచ్చు.

ప్రశ్న: నాకు కావలసిన పేరు గడువు వచ్చే నెలతో ముగుస్తుంది. ఆ మర్నాడే నేను కొనుక్కోవచ్చా?

జవాబు: మర్నాడు కాదు. డాట్ కామ్ వంటి పేర్లలో గడువు ముగిశాక పాత యజమాని పునరుద్ధరించుకోవడానికి రిజిస్ట్రార్ 45 రోజుల దాకా అవకాశం ఇవ్వవచ్చు. రిజిస్ట్రార్ తొలగించిన తరువాత కూడా 30 రోజుల పాటు, ఎక్కువ రుసుము కట్టి వెనక్కి తీసుకునే హక్కు అతనికి ఉంటుంది. ఆ తరువాత అయిదు రోజులు పేరు ఎవరికీ చెందకుండా తొలగింపు కోసం వేచి ఉంటుంది. అన్నీ కలిపితే 80 రోజుల వరకు అన్నమాట.

అంతదాకా వచ్చే పేర్లు సాధారణంగా ఎవరికీ అక్కర లేనివి. గిరాకీ ఉన్నవాటిని రిజిస్ట్రార్లు మధ్యలోనే వేలం వేస్తారు. అది దాటి వచ్చిన వాటిని, విడుదలైన క్షణంలోనే పట్టుకోవడానికి ప్రత్యేకంగా కంప్యూటర్లను నడిపే సంస్థలు ఉన్నాయి. అటువంటి సంస్థ దగ్గర ముందస్తు ఆర్డరు పెట్టుకోవచ్చు, పేరు దొరికితేనే డబ్బు తీసుకునే చోటును ఎంచుకోండి. వేలానికి వస్తే చివరి నిమిషాల పోటీలో మనిషి తన పరిమితిని మరిచిపోతాడు. పై జవాబులో చెప్పిన కాగితం అక్కడ పనికివస్తుంది. ఒక్క జాగ్రత్త: గడువు సమీపించిన పేరు యజమానికి ‘మీ పేరు అమ్ముతారా’ అని ఇప్పుడు రాస్తే, మరిచిపోయిన వ్యక్తికి మీరే గుర్తు చేసినట్లవుతుంది.

ప్రశ్న: డాట్ కామ్ దొరకనప్పుడు డాట్ ఏఐ, డాట్ ఐవో వంటివి గానీ, కొత్తగా వచ్చిన ఎక్స్‌టెన్షన్లు గానీ తీసుకోవడం సరైనదేనా?

జవాబు: తీసుకోవచ్చు, కానీ రెండు సంగతులు చూసుకోండి. రెండు అక్షరాల ఎక్స్‌టెన్షన్లు దేశాలకు, భూభాగాలకు చెందినవి. డాట్ ఏఐ కరేబియన్ దీవి ఆంగ్విల్లాది, కనీసం రెండేళ్లకు కట్టాలి. డాట్ ఐవో బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది, ఆ ప్రాంతంలోని చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగించే నిర్ణయాన్ని 2024 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి దాని భవిష్యత్తు గురించి చర్చ నడుస్తోంది. ధరలను, నిబంధనలను ఆయా ప్రభుత్వాలు, నిర్వాహకులు మార్చగలరు.

రెండోది, కొత్త ఎక్స్‌టెన్షన్లలో కొన్ని పేర్లను ‘ప్రీమియం’ అని వేరుచేసి అమ్ముతారు. వాటిలో చాలావాటికి ఆ పెద్ద ధర మొదటిసారికే పరిమితం కాదు, ప్రతి ఏటా అంతే కట్టాలి. కొనే ముందు పునరుద్ధరణ ధరను తెరపై చూసి, దాని చిత్రం తీసి దాచుకోండి. డాట్ కామ్ యజమాని మీ రంగంలోనే పోటీదారుడైతే మాత్రం ఆ పేరే వద్దు, మీకు రావలసిన ఈమెయిళ్లు కొన్ని అతని పెట్టెలో పడతాయి. అటువంటప్పుడు ఒక చిన్న మాట చేర్చి డాట్ కామ్‌లోనే మామూలు ధరకు దొరికే పేరు వెతకండి. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలి వారు తప్పు లేకుండా టైపు చేయగలగాలి. హైఫన్ ఉన్నా, అంకెను అక్షరాలలో రాయాలో అంకెగానే వేయాలో సందేహం వచ్చినా, తెలుగు మాటలోని దీర్ఘానికి రోమన్ లిపిలో ఒక అక్షరమా రెండా అని అడగవలసి వచ్చినా ఆ పేరు చౌకగా దొరికినందువల్ల ప్రయోజనం లేదు.