డాక్టర్ సలహా: హాఫ్ మారథాన్ పూర్తిచేశా.. జనవరిలో ఫుల్ పరిగెత్తొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. బరువు 74 కిలోలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా పరిగెడుతున్నా. మొన్న ఆగస్టులో ఇక్కడే నా మొదటి హాఫ్ మారథాన్ 2 గంటల 24 నిమిషాల్లో పూర్తిచేశా. ఇప్పుడు వారానికి 30 కిలోమీటర్ల దాకా చేస్తున్నా. జనవరిలో ముంబయి ఫుల్ మారథాన్‌కు పేరిచ్చా. డిసెంబరులో విశాఖలో ఇంకో హాఫ్ పరిగెడితే ప్రాక్టీసు సరిపోతుందని మా గ్రూపులో అంటున్నారు. నాలుగేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నా. షుగర్ లేదు. నాన్నకు 54 ఏళ్లకే గుండెపోటు వస్తే బైపాస్ చేశారు. నాకు రెండేళ్ల కిందట ఈసీజీ, ఎకో తీసి నార్మల్ అన్నారు. 16 కిలోమీటర్లు దాటాక కుడి మోకాలి బయటివైపు నొప్పి వస్తుంది. ఆగస్టులో ముందుజాగ్రత్తగా పరుగు మొదలుకాకముందే పెయిన్ కిల్లర్ వేసుకున్నా, ఇబ్బంది లేకుండా అయిపోయింది. ముంబయిలోనూ అలాగే చేయొచ్చా?
- ఓ పాఠకుడు, కొండాపూర్

జవాబు: చేయొద్దు. చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తున్నా, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో నన్ను టెన్షన్ పెట్టింది ఆ పెయిన్ కిల్లరే. మోకాలి సంగతి, ప్రాక్టీసు సంగతి తర్వాత చూద్దాం.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్... మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టే నొప్పి మాత్రల్లో చాలావరకు ఈ జాతివే. గంటల తరబడి పరిగెడుతున్నప్పుడు రక్తం ఎక్కువగా కాళ్ల కండరాలకు, ఒంటిని చల్లబరచడానికి చర్మానికి మళ్లుతుంది. కిడ్నీలకు వెళ్లేది బాగా తగ్గుతుంది. అలాంటప్పుడు తనలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలు ముడుచుకుపోకుండా కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేసుకుని నెట్టుకొస్తుంది. నొప్పి మాత్ర సరిగ్గా వాటినే ఆపేస్తుంది. బీపీ లేని మనిషికే ఇది మంచిది కాదు. మీ మాత్రలోని టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత దగ్గర ఒత్తిడిని తగ్గిస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే. రెండోదైన హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపేస్తుంది. ఈ రెండూ ఒంట్లో ఉండగా నొప్పి మాత్ర వేసి, అయిదు గంటలు చెమటోడిస్తే కిడ్నీలు ఒక్క పూటలో దెబ్బతినొచ్చు. ఈ మూడు మందులు ఒకే చీటీలో కనిపిస్తే కిడ్నీ డాక్టర్లు ముందు ఒకదాన్ని కొట్టేస్తారు. పారాసిటమాల్‌తో కిడ్నీకి అంత ముప్పు లేదు గానీ, నొప్పి తెలియకుండా పరిగెత్తడానికి దాన్నీ వాడకండి.

మరి ఆగస్టులో ఏమీ కాలేదు కదా అంటారు. రెండున్నర గంటల లోపే, ఎండ ముదరకముందే అయిపోయింది కాబట్టి చెల్లింది. హాఫ్‌లో చాలా చెల్లిపోతాయి. తిండి తక్కువైనా, నీళ్ల లెక్క తప్పినా, మొదట్లో తొందరపడినా ఎలాగోలా గట్టెక్కుతాం. ఫుల్‌లో అవేవీ చెల్లవు. ఇంకో హాఫ్ సరిపోతుందన్న మీ గ్రూపు మాట నాకు నచ్చనిది అందుకే.

లెక్క చూడండి. పరుగులో కిలోమీటరుకు, కిలో బరువుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 74 కిలోల మీకు 21 కిలోమీటర్లకు దాదాపు 1,550 కేలరీలు, 42కు 3,100 పైనే. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకునే పిండిపదార్థం ఇచ్చేది ఉజ్జాయింపుగా 2,000 కేలరీలు. అంటే హాఫ్ మొత్తం ఉన్న ట్యాంకుతోనే నడిచిపోతుంది. ఫుల్‌లో 30 కిలోమీటర్లు దాటే సరికి బండి రిజర్వులో పడుతుంది. కొవ్వు ఎంత ఉన్నా అంత తొందరగా శక్తినివ్వదు. కాళ్లు సీసం పోసినట్టవుతాయి, నడక కూడా భారమవుతుంది. రన్నర్లు ‘వాల్’ అనేది దీన్నే. ఎన్ని హాఫ్‌లు పరిగెత్తినా ఈ అనుభవం రాదు.

టైమ్ విషయం కూడా అంతే. అమెరికన్ ఇంజినీర్ పీట్ రీగెల్ సూత్రం ప్రకారం దూరం రెట్టింపయితే సమయం రెండింతలు కాదు, సుమారు 2.085 రెట్లవుతుంది. మీ 2.24కు సరిగ్గా 5 గంటలొస్తుంది. అదీ ఫుల్‌కు తగ్గ శిక్షణ ఉంటేనే. వారానికి 30 కిలోమీటర్లతో అది కుదరదు. అయిదుంబావు, అయిదున్నర గంటలు అనుకుని సిద్ధమవ్వండి.

డిసెంబరు హాఫ్ వద్దనడం లేదు. ఫుల్‌కు నాలుగైదు వారాల ముందు హాఫ్ మంచి రిహార్సల్. పైగా ఆ నెలలో హైదరాబాద్ ఉదయాలు చల్లగా, పొడిగా ఉంటాయి. బీచ్ రోడ్డులో మాత్రం ఉక్క తెలుస్తుంది. ముంబయిలో మీకు ఎదురయ్యేది ఆ సముద్రపు గాలే. కాకపోతే విశాఖలో రికార్డు కోసం పరిగెత్తకండి. ఫుల్‌లో వెళ్లబోయే వేగంతోనే, కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల చొప్పున పోనివ్వండి. 2 గంటల 40 నిమిషాల దగ్గర్లో పూర్తవుతుంది. ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడితే ‘ఏంటి బ్రో, స్లో అయిపోయావ్’ అంటారు. అననివ్వండి. ఆ రోజు మీరు చూసుకోవాల్సింది ముంబయికి అనుకున్న షూ, సాక్సు, తెల్లవారుజామున తినే టిఫిన్, దారిలో తీసుకునే ఎనర్జీ జెల్ లేదా ఖర్జూరం కడుపుకు పడుతున్నాయా లేదా అని. చాతీ దగ్గర టీషర్టు ఒరుసుకుని రక్తం రావడం కూడా ఇలాంటి రోజునే బయటపడుతుంది, వాజ్‌లైన్ రాసుకుంటే సరి.

ఫుల్‌కు అసలు శిక్షణ మాత్రం ఆదివారం లాంగ్ రన్‌లే. వారానికి 30 నుంచి మెల్లగా 45-50 కిలోమీటర్లకు రండి. ప్రతి మూడు నాలుగు వారాలకోసారి దూరం తగ్గించండి. లాంగ్ రన్‌ను 28 కిలోమీటర్లు లేదా మూడున్నర గంటలు, ఏది ముందొస్తే అక్కడ ఆపండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగానే వెళ్లాలి. ఆఖరి పెద్ద పరుగు రేసుకు మూడు వారాల ముందు అయిపోవాలి. తర్వాత తగ్గించుకుంటూ రావడమే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి, ఎముకలకూ స్నాయువులకూ నెలలు కావాలి. దమ్ము సరిపోతోంది కదా అని దూరం పెంచేసిన వాళ్లే మా దగ్గరికి కుంటుకుంటూ వస్తుంటారు.

మీ మోకాలి నొప్పి చెప్పిన తీరు చూస్తే ఐటీ బ్యాండ్ సమస్యలా ఉంది. తుంటి నుంచి మోకాలి బయటి అంచు దాకా దిగే మందపాటి పట్టీ అది. కొంత దూరం పోయాక నొప్పి మొదలవడం, ఫ్లైఓవర్ ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు పెరగడం, ఆగితే తగ్గడం దీని లక్షణాలు. కీలు అరిగిపోతోందని భయపడకండి. సరదాగా పరిగెత్తేవాళ్లలో మోకీళ్ల అరుగుదల కదలకుండా కూర్చునేవాళ్లకన్నా తక్కువేనని అధ్యయనాలు చెబుతున్నాయి. దీనికి మందు మోకాలి దగ్గర కాదు, తుంటి దగ్గర ఉంది. పక్కకు పడుకుని పై కాలిని నిటారుగా లేపి దించడం, ఒంటికాలి మీద గుంజీ తీసే స్క్వాట్, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే బ్రిడ్జ్... ఇవి రోజు మార్చి రోజు చేయండి. ఒకసారి ఫిజియోథెరపిస్టు ఎదుట పరిగెత్తి చూపించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేడా తెలియాలి. నవంబరు సగానికి వచ్చినా 20 కిలోమీటర్లు కుంటకుండా పూర్తిచేయలేకపోతుంటే ఈ జనవరిని వదిలేయండి. ముంబయి మారథాన్ ఏటా వస్తుంది.

ఇంకో సంగతి. దూరం పెంచేటప్పుడు మోకాలి కింద ముందు ఎముక మీద నొప్పి వస్తే ‘ఎక్కడ?’ అని మిమ్మల్ని మీరే అడగండి. అరచేతితో పైనుంచి కిందికి నిమిరి ‘ఇక్కడంతా’ అని చూపిస్తే చాలావరకు అది విశ్రాంతితో తగ్గే షిన్ స్ప్లింట్. ఒక్క వేలు పెట్టి ‘ఇదిగో, ఇక్కడే’ అనగలిగితే, ఆ కాలి మీద ఎగిరితే కలుక్కుమంటే, ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి ‘ఎక్స్‌రే బాగుంది’ అని పరుగు మొదలుపెట్టొద్దు. అవసరమైతే ఎమ్మారై చేస్తారు.

ఇక గుండె. తండ్రికి, అన్నదమ్ములకు 55 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే దాన్ని కుటుంబ రిస్కుగా లెక్కేస్తాం. మీ నాన్నగారిది 54. మీకు బీపీ కూడా ఉంది. రెండేళ్ల నాటి ఈసీజీ, ఎకోలు పడుకోబెట్టి తీసినవి. గుండె కండరం ఎలా ఉందో చెబుతాయి గానీ, రక్తనాళాల్లో పూడిక గురించి పెద్దగా చెప్పవు. శిక్షణ పెంచేముందే కార్డియాలజిస్టును కలిసి టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్‌ను కొలిచే, జీవితంలో ఒక్కసారి చూసుకుంటే చాలే లైపోప్రొటీన్-ఏ పరీక్ష చేయించుకోండి. టీఎంటీ నార్మల్ వచ్చినా రక్తనాళంలో చిన్న పూడిక ఉండే అవకాశం ఉంది. మీ కుటుంబ చరిత్ర చూసి ఆయన సీటీ కాల్షియం స్కోర్ (గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని చూసే స్కాన్) అడిగితే కాదనకండి.

భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా సుదూర పరుగుల్లో పాల్గొన్న కోటీ 9 లక్షల మందిని లెక్కలోకి తీసుకున్న అధ్యయనంలో గుండె ఆగిపోయినవాళ్లు 59 మంది. చాలా అరుదన్నమాట. కాకపోతే హాఫ్‌లో లక్షకు 0.27 ఉన్న ఆ రేటు ఫుల్‌లో 1.01కి పెరిగింది. బాధితుల్లో ఎక్కువమంది మగవాళ్లే. మనవాళ్లతో వచ్చే చిక్కు ఏమిటంటే ఛాతీలో ఏది పట్టేసినా ‘గ్యాస్’ అని సోడా తాగేస్తారు. పరుగులో మొదలై, ఆగగానే తగ్గే గ్యాస్ గ్యాస్ కాదు. దవడ, ఎడమ భుజం లాగినా, పరిగెడుతుండగానే కళ్లు తిరిగినా, నిన్నటి దాకా తేలిగ్గా వెళ్లిన దూరానికి ఆయాసం వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. జ్వరంతో, ఒళ్లునొప్పులతో పరిగెత్తొద్దు. వైరల్ జ్వరాల్లో గుండె కండరం వాచే ప్రమాదం ఉంది.

నీళ్ల విషయంలో మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ‘దాహం వేయకముందే తాగాలి’ అన్న సలహా మీకు పనికిరాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గిపోయి ఉంది. రేసులో బరువు పెరిగినవాళ్లకే, అంటే చెమట కన్నా ఎక్కువ తాగినవాళ్లకే, ఆ ముప్పు ఎక్కువ కనిపించింది. అయిదు గంటల పైనే పట్టే మీలాంటివాళ్లు ప్రతి స్టాల్ దగ్గరా ఆగి రెండేసి గ్లాసులు తాగే అవకాశం ఉంది. దానికి సోడియాన్ని తగ్గించే థయజైడ్ తోడవుతుంది. దాహానికి సరిపడా తాగండి. లాంగ్ రన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో దాకా తగ్గితే ఫర్వాలేదు, పెరిగితే మాత్రం ఎక్కువ తాగినట్టే. తలనొప్పి, వాంతులు, ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడటం కనిపిస్తే ఇంకో గ్లాసు నీళ్లు తాగొద్దు, మెడికల్ టెంటుకు వెళ్లండి. ఓఆర్ఎస్ వాడితే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ఓఆర్ఎస్ అని పేరు తగిలించుకుని అమ్ముడుపోయిన తీపి డ్రింకులు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని అడ్డుకున్న సంగతి చదివే ఉంటారు.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతా. రేసులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, మొదటి ముప్పావుగంట నుంచే. మామూలు సైజు అరటిపండులో, ఒక జెల్‌లో ఉండేది దాదాపు 25 గ్రాములు. రేసు రోజు ఉదయం రెండు మూడు గంటల ముందు ఇడ్లీనో, బ్రెడ్డు జామో చాలు. ముందురోజు రాత్రి కొత్త హోటళ్లు, కారాలు వద్దు.

బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు. ఇప్పుడే మీ ఫిజీషియన్‌ను కలిసి ఇన్ని గంటలు పరిగెత్తబోతున్నానని చెప్పండి. థయజైడ్ తీసేసి ఆమ్లోడిపిన్ లాంటిది ఇవ్వొచ్చేమో ఆయన చూస్తారు. ఆ మార్పేదో అక్టోబరులోనే జరగాలి, రేసు వారంలో కాదు. సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోండి.

ఫుల్ అయిపోయాక మొదటి రోజు కూడా నొప్పి మాత్ర వద్దు. మూత్రం కోలా రంగులో వచ్చినా, ఆరేడు గంటలైనా రాకపోయినా ఆస్పత్రికి వెళ్లండి. మారథాన్ తర్వాత కొన్ని రోజులు రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది), సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది) ఆరోగ్యవంతుల్లోనూ ఎక్కువగా చూపిస్తాయి. లక్షణాలు ఉంటే వాటిని తేలిగ్గా తీసుకోవడానికి లేదు గానీ, ఆ వారంలో ఏ కారణంతో రక్తపరీక్ష చేయించుకున్నా ‘మొన్న 42 కిలోమీటర్లు పరిగెత్తాను’ అని ముందే చెప్పండి. ఆఫీసు వాళ్ల వార్షిక హెల్త్ చెకప్ జనవరి నెలాఖర్లో ఉంటే ఫిబ్రవరికి మార్చుకోండి.