కర్ణాటక వయొలిన్ నేర్చుకున్న అమ్మాయి క్లెజ్మర్ వాయిస్తానంటోంది, ఏం చేయాలి?

విజయవాడ నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంది. ఈ మధ్య క్లెజ్మర్ అనే యూదుల సంగీతం తప్ప ఇంకోటి వినడం లేదు. బీటెక్ ఆపేసి అమెరికాలోనో జర్మనీలోనో అది నేర్చుకుని, మన సంగీతంతో కలిపి వాయిస్తానంటోంది. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. దాంతో బతుకుతెరువు ఉంటుందా?"

ముందు బీటెక్ సంగతి. ఆపొద్దు సర్. నాలుగేళ్ల డిగ్రీ చేతిలో ఉంటే రేపు సంగీతంలో మాస్టర్స్‌కి అప్లై చేసుకునే దారి ఉంటుంది, మధ్యలో వదిలేస్తే రెండూ పోతాయి. ఇది అమ్మాయికి కూడా గట్టిగానే చెప్పండి. కానీ ఆమె ఇష్టాన్ని పిచ్చి అని మాత్రం కొట్టిపారేయకండి, ఎందుకంటే ఆమె ఎంచుకున్నది ఆషామాషీ సంగీతం కాదు.

మన పెళ్లిళ్లకు సన్నాయి మేళం ఎలాగో, తూర్పు ఐరోపా యూదుల పెళ్లిళ్లకు క్లెజ్మర్ అలాగ. నాజీల మారణహోమంలో ఆ ఊళ్లు, ఆ వాద్యగాళ్లు చాలావరకు తుడిచిపెట్టుకుపోయారు. అంతకు ముందే న్యూయార్క్‌కి వలస వెళ్లిన నఫ్తూలె బ్రాండ్‌వైన్, డేవ్ టారస్ లాంటి క్లారినెట్ విద్వాంసులు గ్రామఫోన్ రికార్డులు ఇచ్చారు కాబట్టి ఆ బాణీ మిగిలింది, 1970లలో కొందరు కుర్రాళ్లు ఆ అరిగిపోయిన రికార్డులు వెతికి పట్టుకుని మళ్లీ మళ్లీ వింటూ నేర్చుకున్నారు. వాళ్లలో ఆండీ స్టాట్‌మన్ అప్పటికే బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద శైలి మాండొలిన్‌లో చేయి తిరిగినవాడు. అయినా ముసలి టారస్ దగ్గరకు వెళ్లి శిష్యరికం చేశాడు.

ఇక అమ్మాయికి నచ్చిన కలగలుపు. 1986లో న్యూయార్క్‌లో మొదలైన క్లెజ్మాటిక్స్ బృందం జాజ్, రాక్ కలుపుకుంది, అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ రాసిపెట్టిన పాటలకు బాణీలు కట్టి గ్రామీ కూడా తెచ్చుకుంది. డేవిడ్ క్రాకవర్ క్లారినెట్‌కి ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర ట్రాంబోన్ వాయించిన ఫ్రెడ్ వెస్లీ, సోకాల్డ్ అనే పేరుతో వాయించే మాంట్రియల్ కుర్రాడు తోడై ఫంక్, హిప్‌హాప్ కలిపారు. క్లెజ్మాటిక్స్ ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రాంక్ లండన్ అయితే సెర్బియా బ్రాస్ బ్యాండుతో వాయించాడు, పంజాబీ భాంగ్రాతో కూడా జత కట్టాడు. వీళ్లందరిలో నాకు కనిపించేది ఒకటే, ముందు మూలాన్ని ఒంటబట్టించుకున్నారు, తర్వాతే కలిపారు. అమ్మాయి కలపడం నుంచి మొదలుపెట్టాలనుకుంటోంది, నా అభ్యంతరమల్లా అక్కడే.

డబ్బు విషయం దాచకుండా చెబుతాను. కచేరీలు మాత్రమే నమ్ముకుని బతికేవాళ్లు ఈ రంగంలో బహు తక్కువ. క్రాకవర్ మ్యాన్‌హటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో పాఠాలు చెబుతాడు, క్లెజ్మాటిక్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన వయొలినిస్ట్ అలీషియా స్విగల్స్ పాత మూకీ సినిమాకు సంగీతం కూర్చి తెర ముందే వాయిస్తుంది. పాఠాలు, వర్క్‌షాపులు, పెళ్లిళ్లు, నాటకాలకు సంగీతం, ఇలా నాలుగు చోట్ల నుంచి కొంచెం కొంచెం వస్తేనే ఇల్లు గడుస్తుంది. బీటెక్ ఉద్యోగం ఒక ఆసరాగా ఉండటం ఇందులో చిన్నతనమేమీ కాదు.

అమ్మా, ఇక నీతో. నీ దగ్గర ఉన్న ఆస్తి ఏమిటో నీకు తెలుసా? నువ్వు సరళీ వరుసలు పట్టిన మాయామాళవగౌళలో కాకలి నిషాదం తీసి కైశికి నిషాదం పెట్టు, వకుళాభరణం వస్తుంది, క్లెజ్మర్‌లో ఎక్కువగా వినిపించే ఫ్రేగిష్ అనే మేళం స్వరాలు అవే. ఇంకో ముఖ్యమైన మేళం మిషెబేరఖ్, దాని స్వరాలు మన హేమవతివి. తాళం లేకుండా సాగే దోయినా వింటే ఆలాపన గుర్తొస్తుంది. అయితే స్వరాలు ఒకటైనంత మాత్రాన సంగీతం ఒకటి కాదు. వాళ్ల క్రెఖ్ట్స్ అనే వెక్కిళ్ల లాంటి పలుకు నీ గమకంతో రాదు. స్వరం చివర పై వేలు తీగను అలా తాకీ తాకనట్టు తాకాలి, అదే క్షణంలో కమాను ఆగిపోవాలి. నీ వేళ్లు అలవాటుగా జారతాయి, ఇక్కడ జారకూడదు. నువ్వు కింద కూర్చుని స-ప-స-ప శ్రుతిలో వాయిస్తావు, వాళ్లు గడ్డం కింద పెట్టి పాశ్చాత్య శ్రుతిలో వాయిస్తారు. కాబట్టి పాశ్చాత్య వయొలిన్ చెప్పే టీచర్ని వెతుక్కో, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం నేర్చుకో. ఆడిషన్‌కి అవి లేకుండా కుదరదు. ఆ యూదుల భాష యిడ్డిష్ కూడా మొదలుపెట్టు, డ్యుయోలింగో యాప్‌లో 2021 నుంచే ఉంది.

యూదు కానిదాన్ని, నాకేం హక్కు అనే సందేహం నీకెప్పుడైనా వస్తుంది, రావాలి కూడా. నల్లజాతి అమెరికన్ క్లారినెటిస్ట్ డాన్ బైరన్ బోస్టన్‌లోని క్లెజ్మర్ కన్జర్వేటరీ బ్యాండ్‌లో ఏళ్ల తరబడి వాయించి అందరి మన్ననా పొందాడు. ఆ మనుషుల చరిత్ర చదువు, ఎవరి దగ్గర ఏ బాణీ నేర్చుకున్నావో పేరు పెట్టి చెప్పు. పోయినవాళ్ల సంగీతం ఇది, పచ్చళ్లా నంజుకోవడానికి కాదు.

సర్, వెంటనే కోర్సు అని పరిగెత్తకండి. జర్మనీలో వైమార్‌లో ఏటా యిడ్డిష్ సమ్మర్ అనే వర్క్‌షాపుల ఉత్సవం జరుగుతుంది, కెనడాలో అలాంటిదే క్లెజ్‌కెనడా ఉంది. కొన్ని వారాల వైమార్ వర్క్‌షాపుకి షెంగెన్ వీసా సరిపోతుంది. పూర్తి చదువుకైతే జర్మనీ స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు చూపించాలి, ఇది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క. అమెరికాలో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్జర్వేటరీని చూడండి, క్లెజ్మర్ కన్జర్వేటరీ బ్యాండ్ 1980లో పుట్టింది అక్కడే, కానీ ఫీజు చాలా ఎక్కువ, స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి పంపమని నేను చెప్పను.

బీటెక్ పూర్తయ్యేలోపు అమ్మాయిని బ్రాండ్‌వైన్ రికార్డుల నుంచి మూడు బాణీలు ఎంచుకుని, చెవితో విని, ఏమీ కలపకుండా వాయించమనండి. రికార్డు చేసి నాకు పంపండి. ఎక్కడ అప్లై చేయాలో అది విన్నాక మాట్లాడుకుందాం.