బటన్ నొక్కితే మాక్రోకి ఆర్గ్యుమెంట్ పంపడం

ఎక్సెల్ షీట్‌లో పన్నెండు నెలలకి పన్నెండు బటన్లు పెట్టి, ఒకే మాక్రోకి (ఎక్సెల్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) నెల పేరు పంపాలనుకుంటే, ఆర్గ్యుమెంట్ (మాక్రోకి అందించే విలువ) చేర్చగానే ఆ మాక్రో, బటన్‌కి మాక్రోని తగిలించే 'అసైన్ మాక్రో' జాబితాలోంచి మాయమైందన్నారు కదా. మీ కోడ్‌లో తప్పేం లేదండి. ఆర్గ్యుమెంట్ తీసుకునే మాక్రోలని ఎక్సెల్ ఆ జాబితాలో చూపించదు, అంతే.

అదే 'అసైన్ మాక్రో' విండోలో మాక్రో పేరు ఉండే పెట్టెలో చేత్తో టైప్ చేస్తే పనిచేస్తుంది. ముందు సింగిల్ కోట్, తర్వాత మాక్రో పేరు, ఒక ఖాళీ, డబుల్ కోట్స్‌లో నెల పేరు, చివర మళ్ళీ సింగిల్ కోట్. అంటే ఇలా: 'NelaChupu "January"'. బ్రాకెట్లు పెట్టకండి. అంకె పంపేటట్టయితే డబుల్ కోట్స్ అక్కర్లేదు.

కానీ పన్నెండు బటన్లకీ ఇలా కొట్టుకుంటూ కూర్చోవడం నాకైతే విసుగు. తర్వాత మాక్రో పేరు మార్చారా, అన్నీ మళ్ళీ మొదటికే. అందుకని నేను మాక్రో కోడ్‌లో 'అప్లికేషన్ డాట్ కాలర్' (Application.Caller) వాడతాను. నొక్కిన బటన్ పేరేమిటో అది చెబుతుంది. బటన్‌ని రైట్ క్లిక్ చేసి, ఫార్ములా బార్‌కి ఎడమనున్న నేమ్ బాక్స్‌లో కొత్త పేరు కొట్టి ఎంటర్ నొక్కండి (ఎంటర్ మరిచిపోతే పేరు మారదు!). బటన్ మీద కనిపించే రాత వేరు, ఈ పేరు వేరు. ఏ రెండు బటన్లకీ ఒకే పేరు లేకుండా చూసుకోండి. ఇక ఆర్గ్యుమెంట్ లేని ఒకే మాక్రోని అన్నిటికీ తగిలించి, లోపల ఆ పేరుని బట్టి నెల తేల్చుకుంటే సరి.

ఎక్సెల్‌లో ఫారమ్ కంట్రోల్, యాక్టివ్ఎక్స్ అని రెండు రకాల బటన్లుంటాయి; ఇది ఫారమ్ కంట్రోల్ బటన్లకే, యాక్టివ్ఎక్స్ వాటికి కుదరదు. మాక్రో కోడ్ రాసే ఎడిటర్‌లో ఎఫ్5 నొక్కి మాక్రోని నేరుగా నడిపి పరీక్షించినా ఎర్రర్ వస్తుంది, అక్కడ నొక్కిన బటనే లేదు మరి. షీట్‌లోంచే నొక్కి చూడండి.