మీరు అడగండి: తప్పు సూర్యుడిదేనా?

ప్రశ్న: మా ఆఫీసులో ఓ పెద్దాయన రోజూ ఒకటే పాట. "క్లైమేట్ ఎప్పుడు మారలేదు చెప్పు? మంచుయుగాలు వచ్చాయి, పోయాయి, అప్పుడేమన్నా కార్లున్నాయా? ఈ భూమి వేడెక్కడమంతా సూర్యుడి మహిమ, లేకపోతే అగ్నిపర్వతాలు" అంటారు. ఏం చెప్పాలో తెలీక తలూపి ఊరుకుంటున్నాను. అందులో నిజమెంత?

జవాబు: మంచుయుగాల మాట నిజమేనండీ. అవి భూమి కక్ష్యలో, దాని వాలులో వచ్చే చిన్న చిన్న తేడాల వల్ల, వేల ఏళ్ల తీరిక మీద వచ్చిపోయాయి. అయితే అప్పుడు మనిషి లేకుండా మారింది కాబట్టి ఇప్పుడూ మనిషికి సంబంధం లేదనడం ఎక్కడి లెక్క?

సూర్యుడి సంగతే చూద్దాం. ఎండే పెరిగి ఉంటే నేల దగ్గర గాలితో పాటు ఇరవై ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉండే స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. 1970ల చివరి నుంచి శాటిలైట్లు కొలుస్తూనే ఉన్నాయి, కింద వేడెక్కుతోంది, పైన చల్లబడుతోంది, సూర్యుడి నుంచి వచ్చే శక్తి మాత్రం ఏమీ పెరగలేదు. (ఓజోన్ తగ్గడం వల్ల కూడా పైన కొంత చల్లబడింది, కానీ ఆ ఒక్కదానితో లెక్క సరిపోదు.) కింది వేడిని పైకి పోనివ్వకుండా పట్టి ఉంచేది ఏదో పెరిగిందన్నమాట. అదే కార్బన్ డయాక్సైడ్. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండేది, 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలతలు మొదలుపెట్టేసరికి 315 అయింది, ఇప్పుడు 420 దాటేసింది.

అది బొగ్గూ పెట్రోలూ మండిస్తే వచ్చిందేనని ఎలా తెలుసంటారా, నాకు అన్నిటికంటే నచ్చే ముక్క ఇదే. బతికున్న చెట్టులో కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ కొంచెం ఉంటుంది, చచ్చాక 5,730 ఏళ్లకోసారి సగానికి తగ్గిపోతుంది. బొగ్గు కోట్ల ఏళ్ల నాటిది, అందులో అది మిగిలే ప్రశ్నే లేదు. అందుకే బొగ్గు పొగ కలిసేకొద్దీ గాలిలో కార్బన్-14 పలచబడుతుంది, పాలలో నీళ్లు కలిపినట్టు. హాన్స్ సూస్ అనే ఆయన 1950ల్లోనే చెట్ల వలయాలు పరీక్షించి ఈ సంగతి పట్టేశాడు. అగ్నిపర్వతాలంటారా, ఏటా మనం వదిలేదాంట్లో అవి వదిలేది ఒక్క శాతం కూడా ఉండదు.

ప్రశ్న: రేపు వాన పడుతుందో లేదో సరిగ్గా చెప్పలేనివాళ్లు 2100 సంగతి చెప్తే నమ్మాలా?

జవాబు: పొయ్యి మీద నీళ్లు పెడితే మొదటి బుడగ ఎక్కడ లేస్తుందో ఎవరూ చెప్పలేరు. మంట పెంచితే తొందరగా మరుగుతాయని మాత్రం ఎవరైనా చెప్తారు. పైన చెప్పానే, కింద వేడెక్కి పైన చల్లబడుతుందని, అది స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టి చెప్పారు, శాటిలైట్ కొలతలు రాకముందే. మనాబేకి 2021లో నోబెల్ కూడా వచ్చింది.

ప్రశ్న: అయితే సైంటిస్టుల మధ్య గొడవే లేదంటారా?

జవాబు: ఎందుకు లేదు! కారణం మీద లేదు, ఎంత అన్నదాని మీద ఉంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందంటే, ఐపీసీసీ (క్లైమేట్ మార్పు మీద ఐక్యరాజ్యసమితి వేసిన నిపుణుల సంఘం) 2021 నివేదిక 2.5 నుంచి 4 మధ్య ఉండొచ్చంది, అది చిన్న తేడా కాదు. తంటా అంతా మేఘాలతోనే. కిందుండే మేఘాలు ఎండను వెనక్కి కొడతాయి, బాగా పైనుండే పలచటివి వేడిని పట్టేస్తాయి, లోకం వేడెక్కుతుంటే ఏవి ఎంత తగ్గుతాయన్నది ఇంకా తేలని లెక్క. మీ పెద్దాయనకి వాదనే కావాలంటే ఇక్కడ వాదించమనండి, చాలామంది పీహెచ్‌డీలు ఆ పనిలోనే ఉన్నారు.