కాలికి సెగ కొడుతోందా? బండి వేడిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాది గాలితో చల్లబడే 150 సీసీ బండి. ఎండాకాలంలో ట్రాఫిక్‌లో కాసేపు నడిపితే చాలు, కుడి పిక్కకు తగిలే సెగ భరించలేకపోతున్నాను. ఇంజిన్‌లో లోపం ఉందా, లేక అన్ని బండ్లూ ఇంతేనా?

జవాబు: ముందు తేల్చుకోవలసింది అదే. ఇది తేలకుండా ఏ సామాను కొన్నా వృథా. పెట్రోలు మండితే పుట్టే శక్తిలో చక్రం దాకా చేరేది సుమారు పావు వంతు. మిగిలినదంతా వేడిగా మారి సైలెన్సర్ గుండా, ఇంజిన్ చుట్టూ ఉన్న ఫిన్ల (పల్చటి లోహపు రెక్కల) గుండా బయటికి పోవలసిందే. బండి కదులుతున్నంతసేపు ఎదురుగాలి ఆ వేడిని వెనక్కి లాక్కుపోతుంది. బండి ఆగితే అది నేరుగా పైకి లేచి మీ కాలికి తగులుతుంది. ఆగినప్పుడు మాత్రమే సెగ కొట్టి, ఖాళీ రోడ్డు మీద 40–50 కి.మీ. వేగంతో రెండు మూడు నిమిషాలు నడపగానే తగ్గిపోతుంటే ఇంజిన్ బాగానే ఉన్నట్టు. నడుస్తున్నా తగ్గకపోయినా, పికప్ పడిపోయినా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో టకటక కొట్టుకున్నా లోపం ఉందనే అనుకోవాలి.

లోపం వెతికేటప్పుడు ఖర్చు లేని పనులతో మొదలుపెట్టండి. ఫిన్ల మధ్య ఎండిన బురద, ఆయిల్ జిడ్డుకు అతుక్కున్న దుమ్ము ఉంటే వేడి బయటికి పోదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో సందు సందునా రుద్ది, నీటితో కడగండి. ముందు చక్రం వెనక, ఇంజిన్‌కు ఎదురుగా ఏదైనా బ్యాగు కట్టారా, అదనపు లైట్లు, వెడల్పాటి మడ్‌ఫ్లాప్ బిగించారా చూడండి. సిలిండర్ హెడ్‌కు (ఇంజిన్ పై భాగానికి) తగలవలసిన గాలిని అవే అడ్డుకుంటాయి.

తర్వాత ఇంజిన్ ఆయిల్. గాలితో చల్లబడే ఇంజిన్‌లో వేడిని మోసే పనిలో ఆయిల్‌కూ పెద్ద వాటా ఉంటుంది. మొత్తం 1 లీటరు పట్టే బండిలో 200 మి.లీ. తగ్గిందంటే ఐదో వంతు పోయినట్టే. మిగిలిన ఆయిల్ ఎక్కువసార్లు తిరిగి త్వరగా కాగిపోతుంది. ఇంజిన్‌ను 3 నిమిషాలు నడిపి ఆపి, మరో 3 నిమిషాలు ఆగి, సమతలంగా ఉన్న చోట బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ మట్టం చూపే గేజి చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. గేజిని కొన్ని బండ్లలో మర తిప్పకుండా ఆనించి చూడాలి, కొన్నింటిలో బిగించి చూడాలి. మీ బండి పుస్తకంలో ఎలా రాసి ఉంటే అలా చేయండి. పై గీత దాటి పోయడమూ తప్పే. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) చిలికి నురగ చేస్తుంది. నురగ వేడిని మోయలేదు.

ఇక బండిని వెనక్కి లాగే వాటి సంగతి. బ్రేక్ పట్టుకుని ఉన్నా, చైన్ మరీ టైటుగా ఉన్నా, టైరులో గాలి తగ్గినా అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ పెట్రోలు మండించాలి. సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పండి. ఒకటి రెండు చుట్లయినా తేలిగ్గా తిరగాలి. చైన్ మధ్యలో పైకీ కిందికీ కదిలించి చూస్తే చాలా బండ్లలో 20–30 మి.మీ. ఆట ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వేడి తగ్గకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లవలసిందే. అక్కడ చూడమని అడగవలసినవి రెండు. మొదటిది, మిక్స్చర్ లీన్ అయిందా, అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందా అని. కార్బొరేటర్‌కు, హెడ్‌కు మధ్య ఉండే రబ్బరు పగిలితే లెక్కకు మించి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా వేలాడుతుందంటే అనుమానించవలసింది ఆ రబ్బరునే. వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపట పేలుతుంటే హెడ్ దగ్గరి సైలెన్సర్ గ్యాస్కెట్‌ను కూడా చూడమనండి. రెండోది ట్యాపెట్, అంటే వాల్వ్‌కు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండవలసిన సందు. చాలామంది చప్పుడు రాకూడదని బిగించమంటారు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనుకుని ఉన్నప్పుడే వదిలించుకుంటుంది. ట్యాపెట్ మరీ బిగిస్తే వాల్వ్ పూర్తిగా ఆనదు, అంచు కాలిపోతుంది. చప్పుడు చేయని ట్యాపెట్‌ను అందుకే అనుమానించాలి. కంపెనీ చెప్పిన సందును ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి కొలవాలి. చెవితో సెట్ చేసే పని కాదు ఇది.

ప్రశ్న: బెండు పైపుకు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే వంపు పైపుకు) చుట్టే హీట్ వ్రాప్ అనే వేడి ఆపే పట్టీ వాడితే కాలికి సెగ తగ్గుతుందా? స్వయంగా చుట్టుకోవచ్చా?

జవాబు: తగ్గుతుంది. కానీ వ్రాప్ వేడిని పోగొట్టదు, పైపులోనే బంధిస్తుంది. దాంతో పైపు లోహం మునుపటికంటే ఎక్కువ కాగుతుంది, ఆ వేడి సైలెన్సర్ దాకా పోతుంది. మామూలు ఇనుప పైపు అయితే వాన నీరు, కడిగిన నీరు పట్టీలో నిలిచి త్వరగా తుప్పు పడుతుంది. క్రోమ్ పూత రంగు మారిపోతుంది. పైపు పగిలినా పైకి కనిపించదు. వారంటీ ఉన్న బండికి చుట్టే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న భాగం మీద మాత్రం చుట్టనే చుట్టకండి. పొగలో మిగిలిన ఇంధనం అందులో మండుతుంది కాబట్టి పనిచేసేటప్పుడు దాని వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. బయటికి దారి లేకపోతే లోపలి తేనెపట్టు గదులు కరిగి పొగదారికే అడ్డుపడతాయి. ఈ మధ్య వచ్చిన బండ్లలో చాలావాటికి ఇది ఇంజిన్‌కు దగ్గరగా, బెండు పైపులోనే ఉంటోంది. పైపు ఒకచోట ఉబ్బినట్టు లావుగా కనిపిస్తే అదే. ఆక్సిజన్ సెన్సర్‌నూ కప్పకూడదు. రెండు పొరల పైపు ఉన్న బండికి వ్రాప్ అవసరం ఉండదు.

ఇవన్నీ చూసుకుని చుట్టాలనుకుంటే కొలత ముందు వేసుకోండి. చిన్న బండ్ల పైపు వంపులకు 25 మి.మీ. వెడల్పు పట్టీ బాగా కుదురుతుంది, 50 మి.మీ. పట్టీ వంపు దగ్గర ముడతలు పడుతుంది. ఒక చుట్టు మీదికి మరో చుట్టు 6 మి.మీ. ఎక్కాలి, అంటే ఒక్కో చుట్టు కొత్తగా కప్పేది 19 మి.మీ. చుట్టుకొలత 100 మి.మీ. ఉన్న పైపు మీద అర మీటరు పొడవు కప్పాలంటే దాదాపు 27 చుట్లు, 2.8 మీటర్ల పట్టీ పడుతుంది. కొసలకు, పొరపాట్లకు కలిపి 3.5 మీటర్లు తీసుకోండి.

పైపును విప్పి చుట్టడమే మంచిది. హెడ్ దగ్గరి నట్లకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. బలవంతం చేస్తే స్టడ్ విరుగుతుంది, అప్పుడు పని హెడ్ విప్పేదాకా పోతుంది. పైపు మీది జిడ్డు, తుప్పు పూర్తిగా తీయండి. ఫైబర్ గ్లాస్ పట్టీ అయితే పొట్లం మీద రాసినట్టు నీటిలో నానబెట్టండి. తడిగా ఉంటే బిగువుగా కూర్చుంటుంది, నూగు లేవదు. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. ఆ నూగు చర్మంలో గుచ్చుకుంటే రోజంతా దురద. చుట్టడం సైలెన్సర్ వైపు నుంచి మొదలుపెట్టి హెడ్ వైపు పైకి రండి. పెంకుల కప్పులాగా పై చుట్టు కింది చుట్టు మీదికి వస్తుంది, నీరు లోపలికి దిగదు. కొసలను స్టెయిన్‌లెస్ స్టీల్ టైలతో బిగించండి. ప్లాస్టిక్ టైలు మొదటిసారి స్టార్ట్ చేయగానే కరిగిపోతాయి. బిగించేటప్పుడు హెడ్ దగ్గర కొత్త గ్యాస్కెట్ వేయండి. మొదట్లో కాసేపు పొగ వస్తుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. కానీ ఇంజిన్ ఆయిల్ కారి పట్టీ తడిసిందంటే వెంటనే విప్పి పారేయండి. ఆయిల్ పీల్చిన పట్టీ నిప్పంటుకుంటుంది.

మా సలహా అడిగితే వ్రాప్ కంటే ముందు పైపు మీది రేకు కవరు చూడండి. పైపుకు, రేకుకు మధ్య సందు ఉంటేనే అది పనిచేస్తుంది. బిగింపు దగ్గర వేడి ఆపే వాషర్లు సర్వీసులో ఎక్కడో పోయి రేకు నేరుగా పైపుకు ఆనుకుని ఉండటం చాలా మామూలు. ఆ వాషర్లు మళ్లీ వేస్తేనే కొందరికి సమస్య తీరిపోతుంది. డబ్బు పెట్టగలిగితే పైపుకు సిరామిక్ పూత వేయించడం వ్రాప్ కంటే మేలు. అది నీరు పట్టదు, తుప్పును ఆపుతుంది.

ప్రశ్న: రేడియేటర్ ఉన్న బండి కొన్నాను. సిగ్నల్ దగ్గర మీటరులో 104 డిగ్రీలు చూపించి ఫ్యాన్ తిరుగుతుంది, వేడి గాలి తొడల మీదికి కొడుతుంది. ప్రమాదమా?

జవాబు: కాదు. చాలా బండ్లలో ఫ్యాన్ 100–105 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. సగం నీరు, సగం గ్లైకాల్ (త్వరగా మరగనివ్వని రసాయనం) ఉన్న కూలెంట్ (రేడియేటర్‌లో తిరిగే ద్రవం) మామూలు పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత 1 బార్ పీడనం పట్టి ఉంచుతుంది కాబట్టి 125 డిగ్రీల దాకా మరగదు. అందుకే మూత రబ్బరు పాడైతే కూలెంట్ నిండుగా ఉన్నా బండి పొంగుతుంది. వేడి మీద ఆ మూత తీయకండి. పీడనం ఒక్కసారిగా పోయి, మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

ఫ్యాన్ తిరుగుతున్నా అంకె పెరుగుతూనే పోతే, హెచ్చరిక దీపం వెలిగితే మాత్రం పక్కకు తీసి ఆపండి. చల్లారాక రిజర్వ్ డబ్బాలో కూలెంట్ కింది గీత, పై గీతల మధ్య ఉందో లేదో చూడండి. రేడియేటర్ సందుల్లో పురుగులు, బురద ఇరుక్కుంటే వెనక వైపు నుంచి ముందుకు తక్కువ వేగంతో నీరు కొట్టి తీయాలి. ప్రెషర్ గన్ పెడితే పల్చటి రేకులు వంగిపోతాయి. కుళాయి నీరు పోయకండి, అందులోని లవణాలు లోపల గార కడతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి. గ్లైకాల్ పాలు పెంచితే ఇంకా చల్లబడుతుందనుకోవడం కూడా పొరపాటే. వేడిని బాగా మోసేది నీరే.

తొడల మీదికి వచ్చే గాలి సంగతి: అది బండి నిర్మాణంలోనే ఉంది. పెద్ద వి-ట్విన్ (వి ఆకారంలో రెండు సిలిండర్లున్న) బండ్లలో వెనక సిలిండర్ సరిగ్గా తొడ కింద ఉంటుంది. కొన్ని హార్లీ డేవిడ్‌సన్ బండ్లలో వేడెక్కి ఆగి ఉన్నప్పుడు ఆ సిలిండర్‌కు పెట్రోలు ఆపేసే ఏర్పాటు పెట్టారంటే సమస్య ఎంతటిదో తెలుస్తుంది. మీరు చేయగలిగింది ట్యాంకు అడుగున, సీటు కింద వేడిని తిప్పికొట్టే అల్యూమినియం రేకు షీటు అతికించడం. జిడ్డు లేకుండా తుడిచి అంటించండి. వైర్లకు తగలకుండా, గాలి దారులు మూసుకుపోకుండా చూడండి.

ప్రశ్న: ఎండాకాలానికి చల్లటి ప్లగ్గు, చిక్కటి ఆయిల్, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు వాడితే ఇంజిన్ చల్లగా ఉంటుందంటున్నారు. నిజమేనా?

జవాబు: చల్లటి ప్లగ్గు (తన వేడిని త్వరగా వదిలించుకునే ప్లగ్గు) వల్ల చల్లబడేది ప్లగ్గు కొన మాత్రమే, ఇంజిన్ కాదు. ప్లగ్గు కొన 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి కాలిపోయి శుభ్రమవుతుంది. అనవసరంగా చల్లటి ప్లగ్గు వేస్తే మసి పట్టి మిస్ అవుతుంది. పైగా కంపెనీని బట్టి అంకెలు తిరగబడతాయి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన, బాష్‌లో అంకె తగ్గితే చల్లన. ప్లగ్గు తీసి చూస్తే కొన లేత గోధుమ రంగులో ఉందంటే బాగున్నట్టు. తెల్లగా, పొక్కులతో ఉంటే లీన్ మిక్స్చర్ సంగతి చూడాలి.

ఆయిల్ విషయానికొస్తే, పుస్తకంలో ఎండకు వేరే గ్రేడు ఇచ్చి ఉంటే అది వాడండి. లేకపోతే చెప్పినదే పోయండి. 20డబ్ల్యూ-50లో రెండో అంకె కాగినప్పటి చిక్కదనాన్ని చెబుతుంది. 10డబ్ల్యూ-30 కోసం చేసిన ఇంజిన్‌లో అది పోస్తే తిప్పడానికి ఎక్కువ శక్తి పట్టి వేడి పెరగవచ్చు కూడా. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బైకులకు తగినదని చెప్పే గుర్తు) అని ఉండాలి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారవచ్చు.

ఆక్టేన్ పని ఇంజిన్ కొట్టుకోకుండా ఆపడం వరకే. మీ బండి కొట్టుకోకపోతే దానివల్ల వేడి తగ్గదు.

ప్రశ్న: ఇల్లు చేరగానే ఇంజిన్ మీద నీళ్లు పోయవచ్చా?

జవాబు: వద్దు. కాగిన లోహం ఒకచోట హఠాత్తుగా కుంచించుకుపోతే హెడ్ వంగవచ్చు, ఫిన్లు పగలవచ్చు. డిస్క్‌కూ అదే ప్రమాదం. చివరి కిలోమీటరు నెమ్మదిగా నడపండి, ఆపాక నీడలో వదిలేయండి. దారిలో కూడా, గాలితో చల్లబడే బండిని అర నిమిషానికి మించి ఆగవలసి వస్తే ఆపేయడమే మంచిది. క్లచ్ సగం నొక్కి కొద్దికొద్దిగా కదిలించకండి, ఆ రాపిడి వేడంతా ఆయిల్‌లోకే పోతుంది. ముందు ఖాళీ ఏర్పడేదాకా ఆగి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి కదలండి.

ప్రశ్న: ఎండలో ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే పేలుతుందా?

జవాబు: ఎండకే పేలదు. కానీ పెట్రోలు డిగ్రీకి సుమారు 0.1 శాతం ఉబ్బుతుంది. 12 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 240 మి.లీ. పెరుగుతుంది. మూత అంచు దాకా నింపితే ఆ పెట్రోలు గాలి గొట్టంలోకి, ఆవిరిని పట్టే క్యానిస్టర్‌లోకి పోతుంది, వేడి ఇంజిన్ మీద కారితే ప్రమాదం. ట్యాంకు గొంతు కింది అంచు దగ్గర ఆపమనండి.

ప్రశ్న: పిల్లవాడికి సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. ఇలాంటప్పుడు ముందు ఏం చేయాలి?

జవాబు: వెంటనే కుళాయి కింద చల్లటి నీటి ధార 20 నిమిషాలు పట్టాలి. చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు, అప్పటికి చర్మం లోపలి వేడి పోదు. బూటు, కాలి పట్టీ లాంటివి వాపు రాకముందే తీయండి. బట్ట చర్మానికి అంటుకుంటే లాగకండి. ఐస్, టూత్‌పేస్టు, వెన్న రాయకూడదు. బొబ్బను చిదమకూడదు. పిల్లలకు కాలితే, గాయం చిన్నదిగా కనిపించినా డాక్టరుకు చూపించండి. ఇకముందు వెనక కూర్చునే పిల్లలకు చీలమండల దాకా వచ్చే మందపాటి నూలు ప్యాంటు వేయండి. నైలాన్, పాలిస్టర్ పైపుకు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. దిగేటప్పుడు సైలెన్సర్ లేని వైపు దిగడం అలవాటు చేయండి.