‘ఇరేజ్డ్’ మాంగాను సగంలో ఆపేయాలా?

నమస్కారమండీ. కేయ్ సాన్బే గారి మాంగా (జపనీస్ బొమ్మల కథ) ‘ఇరేజ్డ్’ మొదట్లో కింద పెట్టనివ్వలేదనీ, హంతకుడెవరో తేలాక పట్టు సడలిందనీ, మిగిలిన సంపుటాలు కొనాలా వద్దా అనీ అడిగారు. తప్పకుండా కొనండి, కానీ అపరాధ పరిశోధన కథగా చదవడం మాత్రం అక్కడితో మానేయండి.

మీ అసంతృప్తి సహేతుకమైనదే. 29 ఏళ్ల కథానాయకుడు సతోరు 1988 నాటి హొక్కైడోలోని తన బాల్యంలోకి వెళ్లిపడ్డాక, అనుమానించదగిన పెద్దవాళ్లు మరీ కొద్దిమందే కావడంతో జవాబు ముందే ఊహకు అందుతుంది. వెనక్కి వెళ్లే ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రచయిత వివరించరు. ఇది లోపమే, కాదనను.

అయితే ఈ కథకు ప్రాణం హంతకుడు కాదు, సతోరు కాపాడాలని తపించే సహవిద్యార్థిని కాయో. సతోరు వాళ్లమ్మ వడ్డించిన మామూలు పొద్దుటి భోజనం ముందు కూర్చుని, తన ఇంట్లో ఎన్నడూ దక్కని ఆదరణ ఆ పళ్లెంలో కనిపించి, ఆ పిల్ల కన్నీళ్లు పెట్టుకునే ఘట్టాన్ని మరోసారి చదవండి. చివరి సంపుటాలు అడిగేది కూడా ఆ ప్రశ్నే: అలాంటి బిడ్డను కాపాడడానికి సతోరు తన జీవితంలో ఎంత పోగొట్టుకున్నాడు?

వాటికి బదులు 2016లో వచ్చిన 12 భాగాల యానిమే (జపనీస్ యానిమేషన్ ధారావాహిక) చూసి సరిపెట్టుకోకండి. అది సరిగ్గా ఈ చివరి భాగాన్నే బాగా కుదించి, పతాక సన్నివేశాన్ని ఆసుపత్రి మేడ మీదికి మార్చేసింది. అసలు కథ ఎనిమిదో సంపుటంతో పూర్తవుతుంది. తొమ్మిదోది తక్కిన పాత్రల వైపు నుంచి చెప్పిన ఉపకథల సంపుటం కాబట్టి, దాన్ని ఆఖరున చదవండి.