అర్థం వెతకడం కాస్త ఆపు, ముందు ఊరు పట్టుకో

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో నువ్వు అద్దెకుంటున్న ఇంటి పెద్దావిడ, వాళ్ళ తలుపు మీది ఇత్తడి పలక, ఆ పలక మీద నీ పోలిష్ స్నేహితులు కూడా ఎప్పుడూ విననిదన్న ఇంటిపేరు, ఒక మంచి రచనకి ఇవి చాలు. చదువుకోడానికి వెళ్ళిన ఊళ్ళో పక్కింటివాళ్ళ పేరు మీద ఇంత ఆసక్తి పుట్టడం చూసి నాకు చాలా సంతోషం వేసింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మొదటి పేజీ అంతా ఆ పేరుకి అర్థం ఏమై ఉంటుందా అనే. డిక్షనరీలో దగ్గరగా కనిపించిన మూడు మాటలు పట్టుకుని మూడు కథలు అల్లావు. మూడూ అందంగానే ఉన్నాయి, ఒక్కటీ నిలబడదు. ఇదే తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కింద ఒక పత్రికకి కోపర్నికస్ గురించి రాస్తూ, ఆయన తండ్రి రాగి వ్యాపారి కాబట్టి ఆ ఇంటిపేరు రాగి నుంచే వచ్చిందని ఘంటాపథంగా రాసేశాను. అచ్చయింది, చదివినవాళ్ళు బాగుందన్నారు. తర్వాత అసలు సంగతి తెలిసినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మనం స్కూల్లో చదువుకున్న కోపర్నికస్ లాటిన్ రూపం, పోలిష్‌లో ఆయన మికొవాయ్ కొపెర్నిక్. సైలీసియాలో నీసా పట్టణం దగ్గర కొపెర్నికి అనే పల్లె ఉంది, ఇప్పటికీ ఉంది, ఆ కుటుంబం మూలం అక్కడిదేనని చరిత్రకారులు చెబుతారు. తండ్రి క్రాకూఫ్‌లో వర్తకుడు, రాగి అమ్మేవాడన్నది నిజమే, 1458 ప్రాంతంలో తోరున్‌కి మారాడు, అక్కడ 1473లో ఈయన పుట్టాడు. ఆ తండ్రి రాగి అమ్మేనాటికే ఆ పేరు ఆ ఇంట్లో ఉంది. ఊరు వదిలి వచ్చినవాళ్ళతో పాటు ఊరి పేరూ వచ్చింది, అంతే. ఇక ఆ పల్లెకి ఆ పేరు ఎందుకొచ్చిందనేది వేరే ప్రశ్న. రాగి అనేవాళ్ళున్నారు, సోయకూర అనేవాళ్ళూ ఉన్నారు, ఎందుకంటే పోలిష్‌లో కొపెర్ అంటే సోయకూర, రాగికి వాళ్ళ మాట పూర్తిగా వేరు. కొపెర్ అంటే రాగి గుర్తొచ్చేది జర్మన్ వచ్చినవాళ్ళకి, లాటిన్ చదివినవాళ్ళకి. ఇలా పేరుకి కారణం ఒకటి, ఊరికి కారణం ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేసి నేను పొరపాటు పడ్డాను, నువ్వూ అదే చేస్తున్నావు.

ఊరి పేరు ఇంటిపేరు కావడం నీకు కొత్తేం కాదు. టంగుటూరు టంగుటూరి అయింది, కందుకూరు కందుకూరి అయింది. మనం చివర ఒక్క ఇకారంతో ‘ఫలానా ఊరి’ అనేస్తాం, వాళ్ళు ‘స్కి’ చేర్చి ‘ఫలానా ఊరికి చెందిన’ అంటారు. నీ పలక మీది పేరుకి చివర స్కా ఉందన్నావు కదా, అది ఆడవాళ్ళ రూపం. మగవాళ్ళకి స్కి. నువ్వు చూసుకున్న లెక్క స్కా రూపానిదే, అంటే సగం కుటుంబాన్ని వదిలేశావు. ప్రభుత్వం జనాభా రిజిస్టర్ నుంచి విడుదల చేసే జాబితాల్లో ఆడవాళ్ళ పేర్లు వేరు, మగవాళ్ళ పేర్లు వేరు, రెండూ కలుపుకుంటేనే సంఖ్య.

ఒక పేరు ఎందుకు అరుదవుతుందో కూడా నీ వ్యాసంలో లేదు, నాకైతే అన్నిటికంటే అదే ముఖ్యం అనిపిస్తుంది. పోలండ్‌లో అందరికంటే ఎక్కువమందికి ఉన్న పేరు నొవాక్, రెండు లక్షలమందికి పైనే. కొత్తగా వచ్చినవాడు అని దాని అర్థం. ప్రతి ఊరికీ ఎవడో ఒకడు కొత్తవాడు వస్తూనే ఉంటాడు కదా, కాబట్టి ఆ పేరు వంద చోట్ల వందసార్లు పుట్టింది, ఆ నొవాక్‌లు ఒకరికొకరు ఏమీ కారు. దొంబ్రోఫ్‌స్కి కూడా అంతే, దొంబ్రోవా అంటే ఓక్ చెట్ల తోపు, ఆ పేరుతో ఊళ్ళు పోలండ్ నిండా ఉన్నాయి. అదే మేరీ క్యూరీ పుట్టింటి పేరు చూడు. మన పుస్తకాలు క్యూరీ దగ్గర ఆగిపోతాయి గానీ, ఆవిడ స్క్వొదోఫ్‌స్కా, ఫ్రాన్స్‌లో ఉన్నా ఆ పేరు వదల్లేదు, 1898లో కనిపెట్టిన మూలకానికి పొలోనియం అని తన దేశం పేరు పెట్టింది. మజోఫ్షే ప్రాంతంలో స్క్వొదీ అనే పేరుతో చిన్న చిన్న పల్లెలు పక్కపక్కనే ఉన్నాయి, వాళ్ళ ఇంటిపేరు అక్కడిది. అలాంటి మూల నుంచి పుట్టిన పేరు సహజంగానే తక్కువమందికి ఉంటుంది. ఆ ప్రాంతంలో పేద కులీనుల పల్లెలు ఉండేవి. భూమి రైతుకున్నంతే, హోదా మాత్రం జమీందారుది, ఒక్కోచోట ఊరంతటికీ ఒకే ఇంటిపేరు, ఎవరెవరో తెలియడానికి పక్కన ఇంకో పిలుపు పెట్టుకునేవాళ్ళు.

అలాగని ‘స్కి ఉంది కాబట్టి ఆవిడది రాజవంశం’ అని నువ్వు రాసిన వాక్యం మాత్రం దయచేసి కొట్టెయ్. మొదట్లో అది భూస్వాముల తీరే. తర్వాత పట్నాల్లో వర్తకులు పెట్టుకున్నారు, పల్లెల్లో రైతులు పెట్టుకున్నారు. రైతుల ఇంటిపేర్లు చాలాచోట్ల 18, 19 శతాబ్దాలకి గానీ స్థిరపడలేదు. 17వ శతాబ్దం మొదట్లో వాలెరియన్ నెకాందా త్రెప్కా అనే ఆయన ఊరూరా సంతల్లో, సత్రాల్లో వాకబు చేసి, కులీనులమని దొంగగా చెప్పుకుంటున్నవాళ్ళ చిట్టా ఒకటి తయారుచేశాడు, 2,000 పేర్లు దాటింది అది. ఆయన కోపంలో ఎంత అన్యాయం ఉందో గానీ, పేరు చూసి పుట్టుక చెప్పలేమని ఆ కాలానికే తెలుసన్నమాట. వంశ చిహ్నాన్ని కూడా నమ్ముకోకు. వాళ్ళ దగ్గర హెర్బ్ అనే ఆ చిహ్నం ఒకటే వందల కుటుంబాలకి ఉంటుంది, రక్తసంబంధం అక్కర్లేదు. గోత్రం ఒకటైనంత మాత్రాన మనం ఇంటిపేర్లు ఒకటనుకోం కదా, అలాగ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ పేరున్నవాళ్ళు ఎక్కువమంది వ్రోత్స్వాఫ్ చుట్టుపక్కలే ఉన్నారు కాబట్టి ఆ పేరు అక్కడిదే అన్నావు. తమ్ముడూ, 1945 దాకా నువ్వుంటున్న ఊరు బ్రెస్లావ్, జర్మన్ నగరం. యుద్ధం అయ్యాక సరిహద్దులు పడమరకి జరిగాయి, జర్మన్లని పంపేశారు, ఆ ఖాళీ ఇళ్ళల్లోకి పోలిష్ జనం వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, మధ్య పోలండ్ నుంచి చాలామంది, తూర్పున సోవియట్‌కి పోయిన ల్వూఫ్ లాంటి చోట్ల నుంచి చాలామంది. ల్వూఫ్ అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్. నువ్వు రోజూ దాటివెళ్ళే చౌరస్తాలో కుర్చీలో కూర్చున్న నాటక రచయిత ఫ్రెద్రో విగ్రహం ఉంది చూడు, అదీ ల్వూఫ్ నుంచి వచ్చిందే, 1956లో ఇక్కడ నిలబెట్టారు. 1817లో ల్వూఫ్‌లో పుట్టిన ఒస్సొలినెయుమ్ గ్రంథాలయం కూడా యుద్ధం తర్వాత మీ ఊరికే చేరింది. విగ్రహమూ లైబ్రరీయే ఇల్లు మారిన చోట, ఒక ఇంటిపేరు అక్కడే మొలిచిందని ఎలా అనుకున్నావు? పైగా 1947లో ఆగ్నేయ మూల నుంచి దాదాపు 1,40,000 మంది ఉక్రేనియన్లని, లెమ్కోలనే కొండప్రాంతపు జనాన్ని పట్టి ఉత్తరానికి, పడమరకి తరలించారు, ఆ పని పేరు విస్తులా చర్య. కాబట్టి ఈనాటి మ్యాప్ మీద చుక్కలు ఎక్కువున్న చోటు ఆ కుటుంబాలు దిగిన చోటు కావచ్చు. బయల్దేరిన చోటు ఎక్కడో వెనకాల ఉంటుంది.

మ్యాప్‌ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పేర్ల విస్తరణ గురించి ఎవరు రాసినా పోలిష్ భాషావేత్త కజిమియెష్ రిముత్ పేరు వస్తుంది. 1990 నాటి జనాభా రిజిస్టర్ ఆధారంగా ఆయన పది సంపుటాల పేర్ల నిఘంటువు తెచ్చాడు, 1992 నుంచి 1994 దాకా వచ్చింది, ఒక్కో పేరు ఏ జిల్లాలో ఎంతమందికి ఉందో అందులో ఉంటుంది. ఎంత ఓపిక ఉండాలో ఆలోచించు, అలాంటి పనికి చేతులెత్తి దండం పెట్టాలి. అయితే ఆ రోజుల్లో పోలండ్‌కి 49 పెద్ద జిల్లాలు, 1999 నుంచి 16. నువ్వు ఆ పాత అంకెల్ని ఈనాటి మ్యాప్ మీద వేశావు, అందుకే ఒక చుక్క పక్క జిల్లాలో పడింది. మళ్ళీ వేసుకో.

వెనక్కి వెళ్ళాలంటే చర్చి రికార్డులే దారి. 1772, 1793, 1795లో మూడు దఫాలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని పంచుకున్నాయి, 1918 దాకా పోలండ్ పేరుతో స్వతంత్ర దేశం లేదు. దాంతో ఒకే కుటుంబం పేరు ఒకచోట లాటిన్ గళ్ళలో ఉంటుంది, ఇంకోచోట జర్మన్‌లో, వార్సా వైపు 1868 తర్వాత రష్యన్‌లో. రష్యన్‌లో హకారానికి అక్షరం లేక గకారం రాస్తారు, మళ్ళీ అది పోలిష్‌లోకి వచ్చేసరికి కొన్ని పేర్లలో ఆ గకారమే మిగిలిపోతుంది. కొన్ని అరుదైన పేర్లు ఇలా రాతలో దొర్లిన తప్పు నుంచే పుట్టాయి, ఒక గుమాస్తా ఒక అక్షరం మారిస్తే ఒక కొమ్మకి కొత్త పేరు. వార్సా వైపు 1808 నుంచి రాసిన పద్దులు దొరికితే మాత్రం వదలకు. అవి గళ్ళు కావు, పేరాలు: ఫలానా రోజు, ఫలానా ఊరి రైతు, ఇన్నేళ్ళవాడు, ఇద్దరు సాక్షులతో వచ్చి తన బిడ్డని చూపించాడు అని మొదలవుతాయి. నాకు అవి చదువుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. వయసు, పని, ఊరు, సంతకం పెట్టడం వచ్చో రాదో, అన్నీ ఒకే వాక్యంలో. రచయితకి ఇంతకంటే ఏం కావాలి?

వెతికేటప్పుడు విభక్తులు గుర్తుంచుకో. మీ వీధి బోర్డు మీద కొపెర్నికా అని ఉంటుంది, ‘కొపెర్నిక్ యొక్క’ అని అర్థం. మన రాముడు రాముని అయినట్టే. వ్యాసంలో ఒకచోట నువ్వు షష్ఠీ రూపాన్నే అసలు పేరనుకున్నావు, దిద్దాను. పాత సమాధుల మీద పెళ్ళయినావిడకి చివర ఓవా, పెళ్ళికాని అమ్మాయికి ఊవ్నా చేర్చి ఉంటుంది, నొవాకోవా, నొవాకూవ్నా అని. ఇంకా కొన్నిటి మీద ‘జ్ దోము’ అని ఉండి ఒక పేరుంటుంది, అది ఆవిడ పుట్టింటి పేరు. జ్ దోము అంటే మాటకి మాట ‘ఇంటి నుంచి’. మనం ఇంటిపేరు అంటాం, వాళ్ళు ఇంటి నుంచి అంటారు. ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, నువ్వు నీ వ్యాసాన్ని ఇక్కణ్ణుంచి ఎత్తుకుంటే ఎంత బాగుంటుందో ఆలోచించు.

పేర్లు ఆగిపోయే తీరు కూడా చూడాలి. కొపెర్నిక్ చర్చి అధికారి, పెళ్ళి లేదు, పిల్లలున్నట్టు ఎక్కడా లేదు. అన్న ఆంద్‌జెయ్‌దీ అదే ఉద్యోగం. ఒక అక్క సన్యాసిని, ఇంకో అక్క పెళ్ళి చేసుకుంది, పిల్లలకి మొగుడి పేరొచ్చింది. ఆ ఇంట్లో ఆ పేరు అక్కడితో సరి. 2005లో ఫ్రోంబోర్క్ చర్చిలో దొరికిన ఎముకలు ఆయనవేనా అని తేల్చడానికి ఆయన వాడిన పుస్తకంలో, స్వీడన్‌లోని ఉప్సలాలో ఉన్నదానిలో, చిక్కుకున్న వెంట్రుకలతో పోల్చాల్సి వచ్చింది. 2010లో మళ్ళీ గౌరవంగా ఖననం చేశారు.

దేశం దాటిన పేర్ల గురించి నువ్వు రాసిన అమెరికా పేరా తీసెయ్. న్యూయార్క్ రేవులో ఆఫీసర్లు పేర్లు మార్చేశారన్నది అందరూ చెప్పే కథే గానీ, ప్రయాణికుల జాబితాలు ఓడ ఎక్కే రేవులోనే రాసేవాళ్ళు, పేర్లు తర్వాత జనమే మార్చుకున్నారు. దాని బదులు మన దేశం దారి చూడు. సోవియట్ ప్రభుత్వం తూర్పు పోలండ్ నుంచి సైబీరియాకీ మధ్య ఆసియాకీ తోలేసిన కుటుంబాల్లో కొందరు 1942లో ఇరాన్ మీదుగా బయటపడ్డారు. వాళ్ళలో దాదాపు 5,000 మంది కొల్హాపూర్ దగ్గర వళివడె శిబిరంలో 1943 నుంచి 1948 దాకా ఉన్నారు, పిల్లలు కొందరు జామ్‌నగర్ మహారాజు నీడలో పెరిగారు. ఆయన పేరు మీద వార్సాలో ఒక చౌక్ ఉంది, మంచి మహారాజు చౌక్ అని. మీ పెద్దావిడ కుటుంబం ఆ దారిన వచ్చిందని నేను అనడం లేదు. అడిగి చూడమంటున్నాను.

అడగడం అంటే గుర్తొచ్చింది. వ్యాసంలో ఆవిడ పేరు పూర్తిగా రాశావు, వీధి కూడా రాశావు. నొవాక్ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అరుదైన పేరు రాస్తే మాత్రం చిరునామా ఇచ్చేసినట్టే. ఆవిడని కూర్చోబెట్టి, పూర్తిగా అర్థమయ్యేలా నువ్వు చెప్పి, ఆవిడ సరే అన్నాకే ఆ పేరు పైకి రావాలి. ఒప్పుకోకపోతే పేరు లేకుండానే రాయి, ఊరు చాలు.

నవంబర్ 1న వాళ్ళంతా సమాధుల దగ్గర దీపాలు వెలిగించడానికి వెళ్తారు. ఆవిడకి అభ్యంతరం లేకపోతే సంచీ మోయడానికి తోడు వెళ్ళు, నోట్‌బుక్ ఇంట్లోనే పెట్టు. వాళ్ళమ్మగారి రాయి మీద జ్ దోము తర్వాత ఏ పేరుందో, ఏ ఊరుందో చూసుకుని వచ్చి, రాత్రికి నాకు రాయి.

మీ అక్క